హగ్గిస్‌కి నాలుగున్నర, నా నీప్స్‌కి రెండు

"హగ్గీసా? అవి చంటిపిల్లలకి వేసేవి కదే?" అంది అమ్మ వీడియో కాల్‌లో. ఖమ్మంలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఇక్కడ గ్లాస్గోలో సాయంత్రం నాలుగు, అప్పుడే చీకటి పడబోతోంది.

"అవి కాదమ్మా, హగ్గిస్. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు ఉడకబెట్టి సన్నగా కొట్టి, ఓట్స్ నూక, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలుపుతారు. దాన్నంతా గొర్రె పొట్టలో కూరి మళ్లీ ఉడకబెట్టేవాళ్లు."

అమ్మ కాసేపు ఆలోచించింది. "బోటి అను. దానికింత హడావుడి ఎందుకు?"

హడావుడి ఎందుకో చెప్తాను. 2025 జనవరి 25న, అంటే ఇక్కడివాళ్లు తమ కవి బర్న్స్ పేరిట విందు చేసుకునే బర్న్స్ నైట్ రోజు, నేనూ మా ఆయనా ఇంట్లోనే పూర్తి స్కాటిష్ భోజనం వండుకున్నాం. మాంసం కొట్టు నుంచి తెచ్చిన హగ్గిస్ ఒకటి, మాంసం లేని హగ్గిస్ ఒకటి, పక్కన నీప్స్, టాటీస్ అనే రెండు రకాల దుంపల ముద్దలు. ఈ రివ్యూ ఆ సరుకు గురించి, దాన్ని మేం ఎంత బాగా, ఎంత చెత్తగా వండామన్నదాని గురించి. మార్కులు ఐదుకి. చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చి, "ఒకసారి తిని చూడాలి, కానీ ధైర్యం చాలట్లేదు" అనుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు నాకు ఈ తిండి పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. నేను ఇక్కడ హోమ్ కేరర్‌ని. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి, మందులిచ్చి, స్నానం చేయించి, తిండి పెట్టి వస్తుంటాను. ఒక్కో ఇంటికి అరగంట, కొన్ని ఇళ్లకి పావుగంటే. పావుగంటలో వంటేం చేస్తాం? ఫ్రిజ్‌లోంచి ప్లాస్టిక్ ట్రే తీసి, పైపొరని ఫోర్కుతో నాలుగుచోట్ల పొడిచి, మైక్రోవేవ్‌లో పెట్టి బటన్ నొక్కుతాం. అదే వంట. ఆ ట్రేల్లో ఎక్కువగా ఉండేది 'మిన్స్ అండ్ టాటీస్'. అంటే ఖీమా, బంగాళాదుంప. ఖీమా అనగానే మన ఖీమా గుర్తు తెచ్చుకోకండి. గోధుమరంగు పులుసులో మెత్తటి ముద్ద, పక్కన తెల్లటి ముద్ద. వాసన మాత్రం ప్రతి ఇంట్లో ఒకటే.

నా ఇళ్లలో ఒక పెద్దావిడ ఉంది, తొంభైకి దగ్గర. నన్ను 'హెన్' అంటుంది. మొదటిరోజు విన్నప్పుడు నన్ను కోడిపెట్టతో ఎందుకు పోల్చిందా అని రాత్రంతా బాధపడ్డాను. గ్లాస్గోలో ఆడవాళ్లని ముద్దుగా అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది, మనం 'అమ్మా', 'తల్లీ' అన్నట్టు. ఇంకోరోజు "నా మెసేజెస్ తెస్తావా" అంది. నేను ఆవిడ ఫోన్ వెతికాను. ఇక్కడ మెసేజెస్ అంటే ఇంట్లోకి కావలసిన సరుకులట. పాలు, బ్రెడ్డు, బంగాళాదుంపలు. అలా ఆవిడ దగ్గర నేను ఇంగ్లీషు రెండోసారి నేర్చుకుంటున్నాను.

ఆవిడే ఒకరోజు ట్రే మీద పొర తీస్తుంటే అంది, ఇది మిన్స్ కాదు హెన్, మిన్స్‌ని దూరం నుంచి చూసినవాడెవడో చేశాడు అని. తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ ఆ పావుగంటలో ఒక ముక్క చొప్పున వంట చెప్పేది. ఉల్లిపాయని ముందు బాగా వేపాలి, కారెట్ పెద్ద ముక్కలు కొయ్యాలి, చివర్లో గుప్పెడు ఓట్స్ వేస్తే పులుసు చిక్కబడుతుంది. నేను ఇంట్లో గొర్రె ఖీమాతో చేశాను. మా ఆయన గొడ్డుమాంసం తినడు. బాగా కుదిరింది. అక్కడ ధైర్యం వచ్చి హగ్గిస్ దాకా వెళ్లాను.

హగ్గిస్ అంటే ఏమిటని మొదటిసారి ఆవిడనే అడిగాను. కొండల్లో తిరిగే చిన్న జంతువు, ఒకవైపు కాళ్లు పొట్టి, ఇంకోవైపు పొడుగు, అందుకే కొండ చుట్టూ ఒకే దిక్కున పరిగెడుతుంది అని చెప్పింది. ముఖంలో ఒక్క గీత కదలలేదు. నేను నమ్మాను. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి అందరూ చెప్పే కథే అట ఇది.

మాంసం కొట్టు దాకా వెళ్లేముందు చేసిన తప్పు ఒకటుంది. నవంబరులో ఒక సూపర్‌మార్కెట్‌లో మైక్రోవేవ్ హగ్గిస్ కొన్నాను. చిన్న ప్లాస్టిక్ గిన్నెలో, ఇద్దరికి సరిపడా. డబ్బా మీద రాసిన నిమిషాలే పెట్టాను. అంచులు ఎండిన సున్నుండలా గట్టిపడ్డాయి, నడుమ చల్లగా ఉంది. కలిపి మళ్లీ పెడితే మొత్తం అంచులాగే అయింది. పైగా తినేశాక లేబుల్ చదివాను. అందులో పంది కార్జం కూడా ఉంది. నాకు పంది తినకూడదన్న నియమం లేదు గానీ, గొర్రె అనుకుని తినడం వేరు, తెలిసి తినడం వేరు. తప్పు నాదే, చిన్న అక్షరాలు ముందే చదవాలి. హగ్గిస్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపలంతా గొర్రే అనుకోకండి. మీ ఇంట్లో పట్టింపులుంటే ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మాట.

ఈసారి మాంసం కొట్టుకి వెళ్లాను. మా ఇంటికి రెండు బస్ స్టాపుల దూరం, పేరు చెప్పను, చిన్న కొట్టు. శనివారం వండుదామని శుక్రవారం కొనాలనుకున్నాను. కానీ ఆ శుక్రవారం, జనవరి 24న, ఏయోవిన్ తుఫాను వచ్చింది. గ్లాస్గోకి రెడ్ వార్నింగ్, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. రైళ్లన్నీ ఆపేశారు. ఆ సంగతి ముందే తెలిసి గురువారం సాయంత్రమే ఊరంతా కొట్ల మీద పడింది. క్యూ గుమ్మం దాటి బయటికొచ్చింది. నా ముందున్నవాళ్లు బ్రెడ్డు, పాల గురించి మాట్లాడుకుంటూనే తలా ఒక హగ్గిస్ చేతికి తీసుకుంటున్నారు. తుఫానొచ్చినా బర్న్స్ నైట్ ఆగదు.

బర్న్స్ ఎవరో తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రాబర్ట్ బర్న్స్ వీళ్ల జాతీయ కవి. 1759 జనవరి 25న ఎయిర్‌షైర్‌లోని ఆలోవేలో పుట్టాడు, రైతు బిడ్డ. 1786లో హగ్గిస్ మీద ఒక పద్యం రాశాడు. ఆయన పోయిన ఐదేళ్లకి, 1801లో, స్నేహితులు ఆయన పుట్టిన ఇంట్లోనే కలిసి భోంచేసి ఆ పద్యం చదివారు. ఆ విందే ఇప్పుడు ఏటా ఆయన పుట్టినరోజున లోకమంతా చేస్తున్నారు. క్లైడ్స్‌డేల్ బ్యాంకు వేసే పది పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంటుంది. మన దగ్గర గోంగూర మీదా ఆవకాయ మీదా పద్యాలు చెప్పినవాళ్లున్నారు గానీ, బోటి మీద పద్యం చెప్పి నోటు మీదికెక్కినవాళ్లు నాకు తెలియదు. ఆ రోజు కవిగారు నా పర్సులో లేరు. కార్డు గీకాను.

కొట్టాయన్ని లోపల ఏమేం వేస్తారని అడిగాను. వెనక క్యూ ఉన్నా ఓపిగ్గా చెప్పాడు. గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు మూడూ గొర్రెవే. వీటన్నిటినీ కలిపి ఇక్కడ 'ప్లక్' అంటారు. కొవ్వు మాత్రం ఆవుది. పైతొడుగు కూడా గొర్రె పొట్ట కాదు, ఆవు పేగు. గొర్రె పొట్టలో కూరేది ఇప్పుడు చాలా తక్కువట. అది విని నా పక్కనున్న మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నాకు ఆ పట్టింపు పోయి చాలాకాలమైంది. ఆయనకి పోలేదు, పోవాలని నేను అడగను కూడా. అందుకే ఆయనకి మాంసం లేని హగ్గిస్ కొన్నాం. ఈ ఆవు ముక్క అమ్మకి చెప్పలేదు. తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఎప్పటికైనా తెలుస్తుందేమో.

నాది ఒక పౌండు, అంటే 454 గ్రాములు, ఐదు పౌండ్ల లోపే అయింది. డబ్బు పౌండ్లు, తూకం పౌండ్లు, మొదట్లో నాకు ఈ గందరగోళం చాలా ఉండేది. ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. చూడ్డానికి అందంగా ఉండదు. బూడిదరంగులో, రెండుచివర్లా ముడేసి, బిగదీసిన చిన్న మూటలా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే మాత్రం బరువుగా, నిండుగా ఉంది. లోపల గాలి లేదు. కొట్టాయన రెండే మాటలు చెప్పాడు. ఇది ముందే ఉడికినది, నువ్వు చేసేది లోపలిదాకా వేడిచెయ్యడమే. నీళ్లలో వేస్తే తెర్లనివ్వకు, పగులుతుంది.

నేను నీళ్లలో వెయ్యలేదు, ఓవెన్‌లో పెట్టాను. బయటి ప్లాస్టిక్ తీసేసి, ఫాయిల్‌లో గట్టిగా చుట్టి, లోతైన పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టాను. 180 డిగ్రీలు, గంటా పావు. ఇక్కడ ఓవెన్ గంటా పావు నడపడమంటే నాకు టెన్షన్. వంటగదిలో కరెంటు మీటరు తెర ఒకటుంటుంది, పైసలు ఎలా పోతున్నాయో కళ్లముందే చూపిస్తుంది. అది ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారుతుంటే మా ఆయన దాన్ని తిరగేసి పెట్టాడు. ఒక్క హగ్గిస్ కోసం ఓవెన్ వెలిగించకండి, రెండూ ఒకేసారి పెట్టండి, లేదా పక్కన ఇంకేదైనా కాల్చుకోండి.

ఇక నీప్స్. నా మార్కులు పోయింది ఇక్కడే.

నీప్స్ అంటే టర్నిప్ అని పుస్తకాల్లో ఉంటుంది. టర్నిప్ అనుకుని తెల్లగా చిన్నగా ఉండేది కొంటే పప్పులో కాలేసినట్టే. స్కాట్లండ్‌లో నీప్స్ అంటే ఊదారంగు తొక్కతో, లోపల లేత పసుపుగా, మనిషి తలకాయంత ఉండే దుంప. సూపర్‌మార్కెట్‌లో చీటీ మీద 'స్వీడ్' అని ఉంటుంది. దాని ధర అప్పుడు ఒక పౌండు లోపే. హాలోవీన్‌కి గుమ్మడికాయలు రాకముందు వీళ్లు దీపాలు దీన్నే తొలిచి చేసేవాళ్లట. ఎలా తొలిచారో ఆ మహానుభావులు! నా చాకు సగం దిగి ఇరుక్కుపోయింది. పైకి ఎత్తితే దుంప కూడా చాకుతోపాటే లేచింది. అమ్మ ఫోన్‌లోంచి చూస్తూ, "కందలా ఉందే, దురద పెడుతుందేమో చూసుకో" అంది. దురదేం లేదు. రెండు చేతులూ వేసి, చాకుని దుంపతో సహా కటింగ్ బోర్డు మీద కొడితే చీలింది. తొక్క మందంగా తీసెయ్యాలి, తొక్క కింద పీచు ఉంటుంది.

చిన్న ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో పాతిక నిమిషాలు ఉడికించాను. ఉడుకుతుంటే క్యాబేజీ వాసన, కాస్త తియ్యదనం కలిసి వస్తుంది. మా ఆయన కిటికీ తీశాడు. తుఫాను వెళ్లిన మర్నాటి గాలి, రెండు నిమిషాల్లో మూశాడు.

నీళ్లు వంపేశాక ముక్కల్ని మళ్లీ అదే గిన్నెలో వేసి, సన్నటి మంట మీద రెండు మూడు నిమిషాలు గిన్నె ఊపుతూ తడి ఆరనివ్వాలి. పెద్దావిడ నాకు మూడుసార్లు చెప్పింది ఈ మాట. ఆ టైముకి అమ్మ బోటి ఎలా కడగాలో చెప్తోంది. వేణ్నీళ్లు, సున్నం, గీకడం, ఆదివారం పొద్దున నూతి దగ్గర నాన్న, పక్కన కాకులు. ఆ మాటల్లో పడి ఆరబెట్టకుండానే వెన్న వేసి మెదిపేశాను. రంగు బాగుంది, పసుపు, నారింజ మధ్యన. మిరియాల పొడి చల్లితే ఫొటోకి ఇంకా బాగుంది. పళ్లెంలో పెట్టిన నిమిషానికి మాత్రం చుట్టూ పసుపు నీళ్లు ఊరాయి. ఆ నీళ్లు టాటీస్ కిందికి చేరాయి. రెండు మార్కులు అందుకే, అది కూడా రుచికి. కాస్త తీపి, చివర చిరుచేదు. ముల్లంగి ఇష్టపడేవాళ్లకి నచ్చుతుంది.

టాటీస్‌కి ఇబ్బంది లేదు. మారిస్ పైపర్ అనే రకం కొనండి, ఉడికాక పొడిపొడిగా విడుతుంది. వేడి పాలు, వెన్న, ఉప్పు. చల్లటి పాలు పొయ్యకండి, జిగురొస్తుంది. ఈ రెండిటినీ పళ్లెంలో విడివిడిగానే పెడతారు. ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో మాత్రం రెండూ కలిపి మెదిపి దాన్ని 'క్లాప్‌షాట్' అంటారు. మా పళ్లెంలో నీళ్ల పుణ్యమా అని అది దానంతట అదే అయింది.

హగ్గిస్‌ని ఫాయిల్ విప్పి పళ్లెంలో పెట్టాం. పద్యం చదివి, చాకు దించి, నిలువునా చీల్చడం ఆచారం. మాకు పద్యం రాదు. మా ఆయన గొంతు సవరించుకుని, చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న వేమన పద్యమే ఒకటి గట్టిగా చదివాడు. అమ్మ ఫోన్‌లోంచి అందుకుని పూర్తి చేసింది. నేను చాకు దించాను.

ఆ ఒక్క క్షణం కోసమైనా ఇది మైక్రోవేవ్‌లో చెయ్యకూడదు. చాకు మొన తగలగానే తొడుగు టప్‌మని విచ్చుకుంది. లోపలి సరుకు తనంతట తనే బయటికి పొంగింది, ఆవిరి ముఖం మీదికి కొట్టింది. ఆ ఆవిరిలో ముందు మిరియాలు, వెనకాలే కార్జం వాసన. రంగు ముదురు గోధుమ. ముద్ద కాదు, పొడి కూడా కాదు. స్పూనుతో తీస్తే రవ్వ ఉప్మాలా విడుతోంది. కారణం ఓట్స్ నూక. మనం పొద్దున తినే అటుకుల్లాంటి ఓట్స్ కాదు, గింజని రెండు మూడు ముక్కలుగా నరికిన నూక. అది కొవ్వంతా పీల్చుకుని ఉబ్బి, ఒక్కో గింజ పంటికింద తగులుతుంది.

మొదటి ముద్ద తినగానే నాకు గుర్తొచ్చింది మా ఇంటి కార్జం వేపుడు. అచ్చం అదే అనను. అల్లం వెల్లుల్లి లేదు, కారం లేదు, ధనియాలు లేవు. మిరియాలు మాత్రం మొహమాటం లేకుండా వేశారు, గొంతు దిగాక వెచ్చగా తెలుస్తుంది. వెనకాల జాపత్రో జాజికాయో ఉంది. ఊపిరితిత్తుల గురించి భయపడ్డాను గానీ, సన్నగా కొట్టడం వల్ల అవి ఎక్కడున్నాయో తెలియదు. వాటివల్లే ఆ తేలికదనం అని నా అనుమానం. కార్జం ఒక్కటే అయితే ఇంత మెత్తగా ఉండదు.

"అల్లం వెల్లుల్లి లేకుండా బోటి ఎట్లా తింటున్నారే?" అంది అమ్మ. తింటున్నానమ్మా, పైగా ఆపాలనిపించట్లేదు అన్నాను. మనవాళ్లకి నా సలహా ఇదే. మొదటిసారి తినేటప్పుడు పక్కన ఆవకాయ పెట్టుకోకండి, గరం మసాలా చల్లకండి. ఇక్కడి కొన్ని హోటళ్లలో విస్కీ, క్రీమ్ కలిపిన సాస్ పోస్తారు. అదీ వద్దు, పెద్దావిడ మాటల్లో అది టూరిస్టులకి. గొర్రెలో మంచి ముక్కలు అమ్ముడుపోయాక మిగిలినవాటిని పారెయ్యలేనివాళ్లు, బియ్యం పండని, గోధుమ అంతగా పండని చలినేల మీద, ఉన్న ఓట్స్‌తో, ఉన్న మిరియాలతో చేసుకున్న తిండి ఇది. అవే సరుకులు మా ఊళ్లో ఉంటే మా అమ్మమ్మ కూడా దాదాపు ఇదే చేసేది.

ఉప్పు కాస్త ఎక్కువ. అరమార్కు తగ్గించింది అందుకే. ఉప్పులేని టాటీస్‌తో తింటే సరిపోతుంది, కాబట్టి మీరు టాటీస్‌లో ఉప్పు తగ్గించండి. కొవ్వు కూడా బాగానే ఉంటుంది, తిన్నాక ఇంకేం పని పెట్టుకోకండి. మేం ఎనిమిదింటికే నిద్రపోయాం.

మాంసం లేనిది మాక్‌స్వీన్ వాళ్లది. దీని కథ నాకు నచ్చింది. 1984లో ఎడిన్‌బరాలో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ తెరిచినప్పుడు, ఆ సభ కోసం ఈ ఎడిన్‌బరా మాంసం కొట్టువాళ్లే దీన్ని తయారుచేశారు. కవిత్వానికీ హగ్గిస్‌కీ ఎక్కడికెళ్లినా చుట్టరికమే. లోపల చిక్కుళ్ల జాతి గింజలు, పప్పులు, ఓట్స్, కారెట్, గింజధాన్యాలు. మిరియాలు దీంట్లోనూ బాగానే ఉన్నాయి. మా ఆయన తిని, "మసాలా వడ లోపలిభాగంలా ఉంది, పైన కరకర ఒక్కటే తక్కువ" అన్నాడు. నేనూ రెండు స్పూన్లు తిన్నాను. మాంసం తినని అత్తగారో మామగారో ఇక్కడికి వస్తే నిశ్చింతగా పెట్టొచ్చు, ఊరి రుచి చూపించినట్టూ ఉంటుంది. మా ఆయన దానికి నాలుగు ఇచ్చాడు. నేను జోక్యం చేసుకోను.

డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఫొటో చూసి, వచ్చేటప్పుడు ఒకటి తెమ్మన్నాడు. కుదరదు నాయనా. గొర్రె ఊపిరితిత్తులున్న తిండిని అమెరికా 1971 నుంచి రానివ్వదు. వాడు ఊపిరితిత్తులు లేకుండా అక్కడే చేసేది తింటున్నాడట. పాపం.

మిగిలిన హగ్గిస్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నిజానికి ఐదుకి ఐదు దానికే. గ్లాస్గోలో ఇండియన్ హోటళ్లకి వెళ్తే మెనూలో హగ్గిస్ పకోడా కనిపిస్తుంది. పంజాబీ వంటవాళ్లూ గ్లాస్గో తాగుబోతులూ కలిసి కనిపెట్టిన వంటకమని నా నమ్మకం. ఆదివారం మధ్యాహ్నం నేనూ చేశాను. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉండి గట్టిపడిన హగ్గిస్‌ని నిమ్మకాయంత ఉండలు చేశాను. శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండి, కారం, వాము వేసి, ఉప్పు లేకుండా జారుగా కలిపి, ముంచి బోండాల్లా వేశాను. ఉప్పు లోపలే ఉంది కదా. పైన కరకర, లోపల మిరియాల ఘాటు, కొవ్వు కరిగి నూకంతా మెత్తబడి. ఎనిమిది ఉండలు, నాకు మూడు చాలు అనుకుని ఆరు తిన్నాను. మా ఆయన తన మాంసం లేని హగ్గిస్‌కీ అలాగే వెయ్యమన్నాడు. అప్పుడది పూర్తిగా మసాలా వడే అయింది.

లెక్క చూస్తే రెండు హగ్గిస్‌లు, దుంప, బంగాళాదుంపలు, వెన్న అన్నీ కలిపి పదిహేను పౌండ్ల లోపే, అదీ రెండు పూటలకి. ఇదే భోజనం హోటల్లో తింటే ఒక మనిషికే అంతకి ఎక్కువవుతుంది. మాంసం కొట్టు హగ్గిస్ మళ్లీ కొంటాను. జనవరిలోనే కాదు, కొట్లో ఏడాది పొడుగునా ఉంటుందట. జనం లేని రోజు చూసుకుని వెళ్లండి, కొట్టాయన ఇంకా బాగా మాట్లాడతాడు.

సోమవారం పొద్దున పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఇంట్లో వండింది తీసుకెళ్లి పెట్టడానికి మా ఉద్యోగంలో ఒప్పుకోరు, లేకపోతే ఒక డబ్బా ఖచ్చితంగా తీసుకెళ్లేదాన్ని. మందులిచ్చి, టీ పెట్టి, ఫోన్‌లో ఫొటో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసింది. హగ్గిస్ చీలిన చోట చాలాసేపు చూసి తల ఊపింది. తర్వాత ఫొటోని మెల్లగా పక్కకి జరిపింది. పసుపు నీళ్ల దగ్గర వేలు ఆగింది.

"నీప్స్ ఆరబెట్టలేదు కదూ, హెన్?" అంది.